మైనంలో ఒక్కటే ముక్క

ల్యాబులో ముక్కలు కోసేవాళ్ళ గురించి ఎవరికీ పెద్దగా తెలియదు. డాక్టర్ని తలుచుకుంటారు, నర్సుని తలుచుకుంటారు, ఆఖరికి వార్డుబాయ్‌ని కూడా తలుచుకుంటారు. మమ్మల్ని చూసిన రోగులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. నాకు మాత్రం ఒక రోగి, ఆయన భార్య ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు కనిపిస్తారు. నేను తప్పు చేశాను కాబట్టే వాళ్ళ ముందు నిలబడాల్సి వచ్చింది.

రిటైరయ్యాక కూడా ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఎక్కడైనా ఎదురుపడితే, "మేడం, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. గొప్పలు చెప్పుకోవాలంటే నా దగ్గర బోలెడున్నాయి. మీకు పనికొచ్చేది మాత్రం ఇదొక్కటే. కాస్త ఓపిగ్గా చదవండి.

పని సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. రోగి ఒంట్లోంచి డాక్టరు తీసిన చిన్న ముక్క, ఫార్మలిన్ సీసాలో మాకు వస్తుంది. దాన్ని రసాయనాల్లో నానబెట్టి, మైనంలో పెట్టి దిమ్మ చేస్తాం. ఆ దిమ్మని మిషను మీద ఉల్లిపొర కన్నా పల్చగా కోస్తాం. కోసిన పొర ముడతలు పడుతుంది కనుక గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో తేలేస్తాం. ముడత విప్పుకోగానే గాజు స్లైడు మీదకి ఎత్తి, రంగులు వేసి, పాథాలజీ డాక్టరుకి ఇస్తాం. జబ్బు పేరు చెప్పేది ఆవిడ. ఆవిడ కంటి ముందు ఏం పెడతామన్నది మా చేతిలో ఉంది.

కిటుకంతా ఆ నీళ్ళ తొట్టి దగ్గరే ఉంది. ఒక రోగి పొరలోంచి రాలిన తునక తొట్టిలో మిగిలిపోతే, తర్వాతి రోగి స్లైడు మీదకి ఎక్కి కూర్చుంటుంది. అందుకని రోగికీ రోగికీ మధ్య నీటి పైభాగాన్ని కాగితంతో తుడవాలి. మేము పాత దినపత్రికల్ని నాలుగు వేళ్ళ వెడల్పున చింపి, కట్టలు కట్టి పెట్టుకునేవాళ్ళం. మా అత్తగారు మడి పాటించినంత నిష్ఠగా నేను ఆ తొట్టిని పాటించేదాన్ని. ఎవరైనా కాగితం వెయ్యకుండా రెండో దిమ్మ ముట్టుకుంటే ఇక వాళ్ళకి ఆ పూట నా నోటి నుంచి విముక్తి లేదు. చెప్పేవి శ్రీరంగనీతులు అని తర్వాత నన్ను నేనే తిట్టుకున్నాను లెండి.

మా ల్యాబు సికింద్రాబాదులో ఒక పాత భవనం మొదటి అంతస్తులో ఉండేది. మా నెత్తి మీద, రెండో అంతస్తులో కంప్యూటర్ కోర్సులు చెప్పేవాళ్ళు. ఊరంతా కంప్యూటర్ల వెంట పరుగులు పెడుతున్న ఏళ్ళవి. పొద్దున ఆరింటి నుంచీ మెట్ల మీద జనమే. మేము విజయనగరం వైపు నుంచి వచ్చి చిలకలగూడలో స్థిరపడ్డవాళ్ళం. మా ఆడపడుచు వచ్చినప్పుడల్లా, "ఏటొదినా, లోకమంతా మీటలు నొక్కుతుంటే నువ్వింకా మైనం కోస్తన్నావేటి?" అని దెప్పేది. మీటలు నొక్కేవాళ్ళకి రోగమొస్తే మైనం కోసేవాళ్ళే దిక్కు అనేదాన్ని నేను.

కోత గదిలో ఇద్దరమే. నేను, నాకన్నా మూడు నాలుగేళ్ళు చిన్నవాడైన ఒక టెక్నీషియన్. జనగామ మనిషి. నన్ను అక్కా అనేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. దేనికీ కంగారు పడని మనిషి. నేనేమో దేనికైనా కంగారు పడే మనిషిని. మా పైన పాథాలజీ మేడం. తక్కువ మాట్లాడేవారు. ఆవిడ సంతకం పడితే చుట్టుపక్కల ఆసుపత్రుల్లో ఎవరూ మారు మాట్లాడేవారు కాదు.

ఇక రోగి. రాంగోపాల్‌పేట్‌లో ఆయనకి పరుపుల కొట్టు ఉండేది. భువనగిరి వైపు నుంచి వచ్చిన ముస్లిం కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు. ఆయన దూది ఏకి పరుపులు, దిండ్లు కుడితే భార్య గలేబులు కుట్టేది. అంతకు ముందు ఏడాది ఆయనకి మెడ కింద బిళ్ల కట్టింది. ఆ బిళ్ల తీసి పరీక్షకి మా దగ్గరికే పంపారు. లింఫోమా అని తేలింది. అంటే లింఫు గ్రంథుల్లో పుట్టే కేన్సరు. కేన్సరు ఆసుపత్రిలో ఆరు విడతలు మందు ఎక్కించారు. నాలుగో విడతకి ఒళ్ళంతా చీము పట్టి, జ్వరం దిగక, చావు అంచుదాకా వెళ్ళొచ్చాడట. జుట్టు, కనుబొమ్మలు అన్నీ రాలిపోయాయి. అయితేనేం, బిళ్లలు కరిగాయి. మనిషి మళ్ళీ కొట్లో కూర్చున్నాడు.

ఏడాది తిరక్కుండానే వీపు మీద, చేతుల మీద, చెవి తమ్మెల మీద ఎర్రటి గడ్డలు లేచాయి. నొప్పి లేదు, దురద లేదు. లింఫోమా ఒక్కోసారి గ్రంథుల్లోంచి చర్మానికి పాకుతుంది. పాకిందంటే జబ్బు తిరగబెట్టిందని, ఒంట్లో చాలా దూరం వెళ్ళిందని అర్థం. కేన్సరు డాక్టరుకి సహజంగానే ఆ అనుమానం వచ్చింది. వీపు మీది గడ్డలోంచి చిన్న ముక్క తీసి మాకు పంపాడు. "చర్మానికి పాకిందా? పాత స్లైడుతో పోల్చి చెప్పగలరు" అని చీటీ రాశాడు.

సీసా పట్టుకొచ్చింది ఆయన భార్యే. కొంగులో చుట్టి, పాలసీసా పట్టుకున్నట్టు పట్టుకొచ్చింది. సీసా అందుకోడానికి నేనే బయటికి వచ్చాను.

"అమ్మా, జెర మంచిగ చూడుండ్రి. మల్ల అదే బీమారి అయితే ఈ తాప ఇంకా గట్టి మందంట. పోయినసారే మనిషి దక్కుతడనుకోలే. ఈసారి తట్టుకోడు" అంది.

"మంచిగానే చూస్తాంలెండి" అన్నాను. రోజుకి పదిమందితో అనే మాటే. సీసా మీద నంబరు వేసి లోపలికి వెళ్ళిపోయాను.

పాత స్లైడు రంగు వెలిసిపోయింది. పోల్చడానికి పాత దిమ్మలోంచి కొత్త స్లైడు చెయ్యమన్నారు మేడం. మర్నాడు పొద్దున రెండు దిమ్మలూ నా ముందున్నాయి. పాతది ముందు కోశాను. మెడ బిళ్ల పెద్దది. ఏడాదిగా డ్రాయర్లో ఉండి ఎండిపోయింది. పొర పొరకీ తునకలు రాలాయి. ఎలాగో మంచి పొర ఒకటి దొరికింది. తర్వాత చర్మం దిమ్మ బిగించాను.

చెయ్యి అలవాటుగా కాగితం కట్ట మీదకి వెళ్ళింది. వెళ్ళి ఆగింది. ఆ క్షణం నాకు బాగా గుర్తు. మరిచిపోయి చేసిన తప్పయితే ఇంత బాధపడేదాన్ని కాదు. ఆలోచించే చేశాను. కాగితం వేసేది ఒక రోగిది ఇంకో రోగికి అంటకుండా కదా, ఇక్కడ రెండూ ఒకే మనిషివి కదా, ఎవరిది ఎవరికి అంటుతుంది అనుకున్నాను. ఆ రోజు ముక్కలు ఎక్కువున్నాయి, త్వరగా తెమలాలని కూడా ఉంది. తుడవకుండా చర్మం పొర నీళ్ళలో వేశాను. ఇరవై ఏళ్ళ సర్వీసులో అంత తెలివైన ఆలోచన నాకు మళ్ళీ రాలేదు.

శుక్రవారం మధ్యాహ్నం మేడం నన్ను పిలిచారు. రెండు స్లైడ్లూ మార్చి మార్చి చూపించారు. చర్మం స్లైడు మీద రెండు ముక్కలున్నాయి. ఒకటి చర్మం పైపొర. దాన్ని ఆనుకుని చిన్న ముక్క ఇంకోటి. దాన్నిండా చిక్కగా నీలం రంగు కణాలు. పాత బిళ్లలో ఉన్నవే.

"అచ్చు గుద్దినట్టు ఉంది చూడండి" అన్నారు మేడం. "లోపలి ముక్క విడిపోయినట్టుంది. అందులోకి పాకింది. పాపం."

"పాపం" అన్నాను నేనూ. అచ్చు గుద్దినట్టు ఎందుకుందో ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

సాయంత్రం రోగి భార్య వచ్చి రిపోర్టు తీసుకుంది. ఇంగ్లీషు చదవడం రాదు. "మంచిగుందా అమ్మా?" అని నన్ను అడిగింది. రిపోర్టులో ఏముందో మేం చెప్పకూడదు. డాక్టరుగారికి చూపించమన్నాను. ఆవిడ నా మొహం వైపు ఒకసారి చూసి, ఇంకేం అడక్కుండా మెట్లు దిగిపోయింది. శనివారం మళ్ళీ వచ్చింది. ఆసుపత్రిలో ఇంకో కాపీ కావాలన్నారట. "సోమారం పొద్దుగాల్ల చేర్కుంటరంట. పదకొండు గంటలకు మందు షురూ జేస్తరంట" అని గోడకి చెప్పినట్టు చెప్పి వెళ్ళింది.

సోమవారం తొమ్మిదిన్నరకి నేను పోయిన వారం దిమ్మలన్నీ డ్రాయర్లో సర్దుతున్నాను. నంబరు ప్రకారం ఒక్కోటీ తీసి, కోసిన ముఖం ఒకసారి చూసి పెట్టడం నా అలవాటు. చర్మం దిమ్మ చేతికొచ్చింది. మైనంలో ఒక్కటే ముక్క ఉంది.

ముందు అర్థం కాలేదు. వెలుతురులోకి పట్టుకుని చూశాను. ఒక్కటే. స్లైడు తీసి చూశాను. రెండు. ముక్కలు వచ్చినప్పుడు రాసే రిజిస్టరు తెరిచాను. మా తమ్ముడి గుండ్రటి అక్షరాల్లో "చర్మం ముక్క ఒకటి, మినపగింజంత" అని ఉంది. స్లైడుని సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఫోకస్ అటూ ఇటూ తిప్పాను. చర్మం తేటగా కనిపించినప్పుడు పక్క తునక మసగ్గా ఉంది. తునకని తేటపరిస్తే చర్మం మసకబారింది. రెండూ ఒక పొరలోవి కావు. ఆ తునక పాత బిళ్లలోంచి రాలి, నీళ్ళలో తేలి, పైన వచ్చి కూర్చుంది.

తమ్ముణ్ణి పిలిచి చూపించాను. చాలాసేపు చూశాడు.

"అక్కా, ఊకో" అన్నాడు మెల్లగా. "రిపోర్టు పోయింది. ఆయనకు బీమారి ఉన్నదే గదా. గడ్డలు సుత కండ్ల ముందట కనబడ్తున్నయి. గీ తునక రాకున్నా అదే అయితది. ఇప్పుడు నువ్వు బయటపెడితే నీ నౌకరీకే తక్లీఫ్."

నిజం చెప్పాలంటే, ఓ ఐదు నిమిషాలు ఆ మాట నాకు తియ్యగానే ఉంది. ఇంకో దారి కూడా తోచింది. చప్పుడు చెయ్యకుండా దిమ్మని ఇంకాస్త లోతుకి కోసి చూద్దాం. లోపల కేన్సరు ఉంటే గొడవే లేదు, ఎవరికీ చెప్పక్కర్లేదు. లేకపోతే అప్పుడు చెప్దాం. దొంగ ఆలోచనే గానీ, వినడానికి బాగుంది. కానీ కోసి, ఆరబెట్టి, రంగులు వేసేసరికి మధ్యాహ్నం అవుతుంది. గోడ మీద గడియారం పది కొడుతోంది. మందు పదకొండింటికి.

"తమ్ముడూ, మళ్ళీ కోస్తే లేకపోతేనో? అప్పటికి మందు నరంలోకి వెళ్ళిపోతుంది కదా" అన్నాను.

వాడు నా వంక, గడియారం వంక చూశాడు. "అయితే పా. మేడం వచ్చిన్రు. నేను సుత వస్త" అని స్లైడు ట్రే తనే అందుకున్నాడు. ఆ 'నేను సుత' అన్న మాటకి నేను వాడికి జన్మంతా రుణపడి ఉన్నాను.

మేడం బ్యాగు ఇంకా బల్ల మీద పెట్టలేదు. నిలబడే చెప్పాను. నీళ్ళు తుడవలేదని, ఎందుకు తుడవలేదో కూడా చెప్పాను. ఆవిడ తిట్టలేదు. కూర్చుని, స్లైడు పెట్టి, నేను తిప్పినట్టే ఫోకస్ అటూ ఇటూ తిప్పారు.

"శుక్రవారం ఇది నేనెందుకు చూడలేదు?" అన్నారు తనలో తనే అనుకుంటున్నట్టు. ఆ వెంటనే ఫోన్ అందుకున్నారు.

ఆసుపత్రి లైను కలవడానికే పది నిమిషాలు పట్టింది. డాక్టరు రౌండ్స్‌లో ఉన్నాడు, దొరకడు. వార్డుకి కలపమన్నారు. అటు సిస్టర్ ఎత్తింది. మేడం వింటూ, మా వైపు చూసి, "సెలైన్ ఎక్కుతోందట. మందు కలపబోతున్నారట" అన్నారు. తర్వాత ఫోన్లో గొంతు పెంచారు. ఆవిడ గొంతు పెంచడం నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు.

"పెద్ద డాక్టరుతో నేను మాట్లాడతాను సిస్టర్. రిపోర్టు మీద సంతకం నాది. ఆ రిపోర్టు తప్పు అయ్యుండొచ్చని నేనే చెప్తున్నాను. మందు కలపొద్దు. ఒట్టి సెలైనే పోనివ్వండి."

"మందు కలపలేదు, ఆపారట" అంటూ మేడం ఫోన్ పెట్టేశారు. నేను అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాను.

"లేవండి. ఆ దిమ్మ లోతుగా కొయ్యాలి, మీరే కొయ్యండి" అన్నారు.

తమ్ముడు కోస్తాడన్నాను. కాదు, మీరే కొయ్యాలన్నారు. తమ్ముడు తొట్టి నీళ్ళు పారబోసి, తొట్టి కడిగి, కొత్త నీళ్ళు పోసి, పక్కన కాగితం పట్టుకుని పెళ్ళి పురోహితుడిలా నిలబడ్డాడు. కొత్త బ్లేడు వేశాను. మొదట కోసినప్పుడు పైపైనే కోశానని అప్పుడు అర్థమైంది. అసలు చర్మం లోతు ఇంకా మైనంలోనే ఉంది.

రెండున్నరకి స్లైడు మేడం చేతిలో పెట్టి, ఆవిడ కుర్చీ వెనకాల నిలబడ్డాను. ఆవిడ అంగుళం అంగుళం చూస్తున్నారు.

"లింఫోమా లేదు" అన్నారు.

నేను దేవుళ్ళందరి పేర్లూ ఒకేసారి తలుచుకున్నాను. కానీ ఆవిడ కళ్ళు తియ్యలేదు. చర్మం లోతంతా నురగ నిండినట్టున్న కణాలు పేరుకుని ఉన్నాయట. అవి కేన్సరువి కావు, అలాగని ఉండాల్సినవీ కావు. చివరికి తలెత్తి, "ఆయనకి కనుబొమ్మలు మళ్ళీ వచ్చాయా?" అని అడిగారు. ఇదేం ప్రశ్న అనుకున్నాను. ఆవిడ మళ్ళీ వార్డుకి ఫోన్ చేశారు. సిస్టర్ వెళ్ళి చూసొచ్చి, తల మీద జుట్టు నిండుగా వచ్చిందనీ, కనుబొమ్మలు మాత్రం రాలేదనీ చెప్పింది. ఇంట్లోవాళ్ళు, డాక్టర్లు అందరూ అది పాత మందు ప్రభావమే అనుకున్నారు.

"ఇంకో పొర కొయ్యండి. కుష్ఠు క్రిములు కనబడే రంగు వెయ్యండి" అన్నారు మేడం. కనుబొమ్మలు రాలడం కుష్ఠుకి ఒక గుర్తట.

అయిదింటికి ఆ స్లైడూ చూశాం. నీలం నేల మీద ఎర్రటి సన్నటి పుల్లలు, కట్టలు కట్టలుగా. ఒకటి రెండు కాదు, లెక్కలేనన్ని. కేన్సరు మందుతో ఒంట్లో కాపలా తగ్గినప్పుడు, ఎప్పటి నుంచో నక్కి ఉన్న కుష్ఠు బయటపడి ఉండొచ్చన్నారు మేడం. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. కానీ పిల్లలూ, ఆ సాయంత్రం మా ముగ్గురి మొహాలూ చూడాల్సింది. కుష్ఠు క్రిములు చూసి అంత సంబరపడ్డవాళ్ళు ఎక్కడా ఉండరు. మందులున్న జబ్బు. ఏడాది మాత్రలు మింగితే పోయే జబ్బు. తమ్ముడు కిందికెళ్ళి మిర్చీబజ్జీలు పట్టుకొచ్చాడు.

"చూడాలనుకున్నదే చూశాం. డాక్టరు చీటీలో రాశాడు, మనం కనుక్కున్నాం" అన్నారు మేడం బజ్జీ కూడా ముట్టకుండా. నేను రెండు తిన్నాను. అబద్ధమెందుకు, పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు.

మర్నాడు భార్యాభర్తల్ని ల్యాబుకే పిలిపించారు. నన్ను లోపల ఉండనక్కర్లేదన్నారు. ఉంటానన్నాను. ఆయన్ని అప్పుడే మొదటిసారి చూడటం. సన్నగా, పొడుగ్గా, తెల్లటి లాల్చీలో ఉన్నాడు. కనుబొమ్మలు లేని మొహం ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టుంది. మేడం జరిగింది జరిగినట్టు చెప్పారు. కేన్సరు చర్మానికి రాలేదనీ, ల్యాబులో పొరపాటు జరిగిందనీ చెప్పారు. పొరపాటు చేసింది నేనేనని నేను చెప్పాను.

ఆయన ఇంకా ఏదో లెక్క చూసుకుంటున్నట్టు కూర్చున్నాడు. భార్య మాత్రం లేచింది.

"ఒక్క కాగితం వేసి నీళ్ళు తుడిస్తె అయిపోయే పనా ఇది? మూడు దినాలాయె మా ఇంట్ల పొయ్యి ముట్టియ్యక. ఈయన కొట్టు తాళం చెవులు నా చేతుల పెట్టిండు. బిడ్డను దగ్గర కూసోబెట్టుకొని, అమ్మ మాట ఇనాలె అని చెప్పిండు. నీ చేతులు పడిపోను! మనిషిని బతికుండంగనే బొందల పెట్టినవు గదనే!"

తల వంచుకుని విన్నాను. ఆవిడ ఏడుస్తూ మళ్ళీ కూర్చుంది.

అప్పుడు ఆయన నోరు తెరిచాడు. "అంటే మేడం, అది మల్ల రాలేదా?"

"రాలేదు."

"మరి ఈ గడ్డలేంది?"

మేడం చెప్పారు. పెద్దరోగం అన్న మాట వినగానే ఆవిడ ఏడుపు ఠక్కున ఆగిపోయింది. ఆయన తన చేతులు బల్ల మీద పెట్టి, తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"మందులున్నాయి. సర్కారు దవాఖానలో ఊరికే ఇస్తారు. ఏడాది మానకుండా వాడితే పూర్తిగా పోతుంది. వేళ్ళు పోవడం, అవన్నీ మందు వాడనివాళ్ళకి" అన్నారు మేడం.

"చస్తనా?"

"దీంతో చావరు."

ఆయనకి నవ్వొచ్చింది. మొదట పెదాల మీద, తర్వాత భుజాలు కదిలేలా నవ్వాడు. "నిన్న పొద్దుగాల్ల చావనీకి తయారై పోయిన. ఇయ్యాల గోలీలు మింగి బతుకుమంటున్నరు. బతుకుత మేడం. ఎన్ని గోలీలంటె అన్ని మింగుత" అన్నాడు.

ఆవిడకి మాత్రం నవ్వు రాలేదు. "పరుపులు కుట్టెటోనికి పెద్దరోగమంటె మా కొట్టుకు ఎవలొస్తరు?" అని అడిగింది. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇంకొకరికి అంటుకునే గుణం పోతుందనీ, ఎవరికీ చెప్పాల్సిన పని లేదనీ మేడం సముదాయించారు. మా నోటి నుంచి ఈ సంగతి గడప దాటదని నేను మాటిచ్చాను. ఆవిడ నా మొహం కూడా చూడలేదు. బతికుంటే బలుసాకు తినొచ్చంటారు గానీ, ఆ బలుసాకు వండుకోవాల్సింది ఆవిడే కదా.

తర్వాత నా సంగతులు. ల్యాబు యజమాని నాకు మెమో ఇచ్చాడు. మేడం దాని కింద తన సంతకం కూడా పెట్టి తిప్పి పంపారు. నన్ను రెండు వారాలు కోత మిషను ముట్టుకోనివ్వలేదు. గాజు స్లైడ్లు కడిగాను. ఆ రెండు వారాలూ తమ్ముడు నా ముందు నుంచి వెళ్తూ, "అక్కా, కాగితం తీసినవా?" అని అడిగేవాడు. అనాల్సిన మాటే, పడాల్సిన మాటే. ఒక ఆదివారం రాంగోపాల్‌పేట్ వెళ్ళి వాళ్ళ కొట్లోనే మా ఇంటికి డబుల్ పరుపు కుట్టమన్నాను. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. ఆయనే కొలతలు రాసుకున్నాడు. ఫోము పరుపులు వచ్చాక దూది పరుపు అడిగేవాళ్ళే లేరని చెప్పుకొచ్చాడు. ఎక్కడా లేని కొట్టు నీకెక్కడ దొరికిందని మా ఆయన అడిగాడు. నడుం నొప్పికి దూదే మంచిదన్నాను.

ఆయన మాత్రలు మానలేదు. మధ్యలో మొహం నల్లబడింది. ఆ మందుతో అలాగే అవుతుంది. అడిగినవాళ్ళకి ఎండలో తిరుగుతున్నానని చెప్పేవాడట. కేన్సరు డాక్టరు దగ్గరికి కూడా మానకుండా వెళ్ళాడు. బిళ్లలు తిరిగి కట్టలేదు.

ఏడాది పూర్తయ్యాక క్రిములు ఉన్నాయో లేవో చూడ్డానికి మేడం రమ్మన్నారు. చెవి తమ్మె దగ్గర కొంచెం గీరి, స్లైడు చేసింది నేనే. మొగుడు పెళ్ళాలిద్దరూ బయట బెంచీ మీద కూర్చున్నారు. నేను చూశాను, మేడం చూశారు, మళ్ళీ నేను చూశాను. ఒక్క ఎర్ర పుల్ల కూడా లేదు.

బయటికి వచ్చి చెప్పాను. ఆయన లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి అల్లాని తలుచుకున్నాడు. మేడంకి చెప్పి వస్తానని లోపలికి వెళ్ళాడు. బెంచీ మీద ఆవిడ, ఎదురుగా నేను మిగిలాం. ఏడాదిగా ఆవిడ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఏదైనా పని చూసుకుందామని వెనక్కి తిరిగాను.

"కూసో" అంది.

కూర్చున్నాను.

"ఆ దినం నిన్ను బగ్గ తిట్టిన."

"తిట్టాలమ్మా. తిట్టాల్సిన పనే చేశాను."

"అవ్, చేసినవ్. దానికి మల్ల తిడుత, నా కోపం ఇంక పోలే." కొంగు అంచు వేలికి చుట్టుకుంది. "గని ఒక మాట నాకు నిద్రల సుత యాదికొస్తది. నువ్వు నోరు మూస్కొని ఉంటె ఏమయ్యేది? ఆ మందు ఎక్కించెటోళ్ళు. ఈయన పోయెటోడు. కేన్సర్‌తోని పోయిండని ఏడుస్తుంటిమి. నీ మీద ఎవలకన్న అనుమానం వచ్చేదా? నాకే రాకపోయేది. నీకు సలాం జెప్పి పోదును."

ఏడాదంతా నేను తప్పు చేశానని కుమిలాను గానీ, ఆ సంగతి ఒక్కసారి కూడా ఈ వైపు నుంచి ఆలోచించలేదు. ఆవిడ చెయ్యి నా చేతి మీద పెట్టింది. సూది పోట్లతో గరుకుగా ఉంది. ఆయన బయటికి వచ్చి, "పోదామా?" అంటే లేచి, కొంగు సర్దుకుని, ఆయన వెనకాలే మెట్లు దిగింది.

లోపలికి వెళ్ళేసరికి తమ్ముడు తల ఎత్తి, "ఏమైందక్కా, ఏడుస్తున్నవ్?" అని కంగారుగా అడిగాడు. వాడు కంగారు పడటం అప్పుడే మొదటిసారి చూశాను.

"నెగటివ్ తమ్ముడూ. ఒక్కటి కూడా లేదు" అన్నాను. చేతులు కడుక్కుని, క్యారేజీ విప్పి, ఆ రోజు అన్నం కడుపు నిండా తిన్నాను.